బిందెల మిగిలిన సగం

మర్రిగూడ దిక్కు మనుషులకు నీళ్ల సంగతి ఇంకొకళ్లు చెప్పే పని లేదు. ఈదమ్మ మెడ తిరగదు, నడుము లేవదు. ఎవరన్న పిలిస్తే మనిషి మొత్తం తిరగాలె. నలభై ఏండ్లు తాగిన ఫ్లోరైడు బోరునీళ్లు చేసిన పని అది. నల్లాల కృష్ణా నది నీళ్లు వచ్చిన నాడే ఒట్టు వెట్టింది ముసల్ది: "ఇగ ఆ పాడు నీళ్లు నా నాలికకు తగలొద్దు. సచ్చేటప్పుడన్న మంచినీళ్లు తాగి సస్త."

ఇప్పుడు మంచం పట్టింది. పైపు పగిలి నల్లా బందయింది కూడా గీ వారమే. ఇంట్ల చిన్న బిందెడు మంచినీళ్లు మిగిలినయి. అవి అవ్వయి.

ఆ బిందె మీదనే మనుమరాలు మెర్సీ కన్ను పడ్డది. తొమ్మిదో తరగతి పిల్ల. అలల వేగం ఎవరు మంచిగ కొలిస్తే వాళ్లను నల్లగొండ సైన్స్ ఫేరుకు తోల్కపోతనన్నడు విజేందర్ సారు. బోరునీళ్లకు బడిల ఉన్న అద్దాల తొట్టి మీద తెల్లటి చారలు పడతయి, నల్లా నీళ్లే తెమ్మన్నడు.

"సగం వాడుకొని సగం తెస్తనే అవ్వా," అన్నది మెర్సీ.

"తీస్కపో బిడ్డా. నీ సదువు కన్న ఎక్కువనా?"

బడిల సగం బిందె తొట్టిల పోసింది. వేలెడు మందం గూడ కాలే. సారు నవ్విండు: "ఏందే, తీర్థం పోసినట్టు పోసినవ్?" నీళ్లు చూసి చూసి వాడుడు ఆ ఊరి పిల్లలకు పుట్టుకతో వచ్చిన గుణం, ఏం జేస్తరు! అల కనవడాలని సారు నీలం సిరా కలిపిండు. తొట్టి ఒక అంచు లేపి వదిలితే అల ఆ కొసకు పోయి తిరిగొచ్చింది. మెర్సీ గడియారం జూసి లెక్కగట్టింది. సెకండుకు ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు.

"లోతు పెంచితే ఏమైతదో జూడకపోతే గిదేం ప్రయోగమే? ఇంకిన్ని పొయ్యి," అన్నడు సారు.

మెర్సీ బిందె దిక్కు జూసింది. ఇవి మా అవ్వ నీళ్లు సార్ అని ఒక్క మాట అంటే సరిపోతుండె. సారేమన్న మింగుతడా? కని పొద్దుగూకే లోపు ఫిల్టరు నీళ్ల ఆటో రాకపోతదా అనుకొని బిందె వంచింది. ఈసారి అల ఉరికింది. యాభై నాలుగు! "శభాష్! నల్లగొండకు నువ్వే," అన్నడు సారు. పిల్ల మొకం వెలిగిపోయింది. నీలం నీళ్లు చెట్లకు పారబోసి, ఖాళీ బిందె చంకల వెట్టుకొని ఇంటికి ఉరికింది.

వాకిట్ల ఎన్నో చెప్పులున్నయి. ఆటో రాలే. "బిడ్డ తెస్తది నీళ్లు, బిడ్డ తెస్తది," అని అవ్వ ఒకటే కలవరిస్తున్నదట. మెర్సీ తల్లి బిందెల చెయ్యి వెట్టి జూసింది. పోయి బోరునీళ్లే గిలాసల తెచ్చి బిడ్డ చేతిల వెట్టింది.

"నువ్వే పొయ్యి. నీ చేతి నీళ్లే అడిగింది."

మెర్సీ చెంచతోని పోసింది. ఈదమ్మ ఆ గుక్కను నోట్లెనే ఆపింది. నలభై ఏండ్లు తాగిన నీళ్లు, ఆ నాలికకు తెల్వదా? కండ్లు తెరిచి మనుమరాలి మొకం జూసింది. పిల్లకు ఏడుపు ఆగలే. ముసల్ది గుటుక్కున మింగింది.

"తియ్యగున్నయి బిడ్డా," అన్నది.

రెండో చెంచ అవసరం పడలే.