మిషన్‌లో వెయ్యకూడని బట్టలు

"ముందు దులిపి ఉతకవే, లేకపోతే నీళ్లన్నీ నల్లబడతాయి," అని అత్త రాఘవమ్మ చెప్పిన రోజు నుంచీ వీరదుర్గ మొగుడి డ్యూటీ డ్రెస్సును పెరట్లో దులుపుతూనే ఉంది. కాంతారావు చేపల వేటకు వెళ్లే రోజుల్లో బట్టలకు ఉప్పు పట్టేది, రెండు బకెట్ల నీళ్లకు వదిలిపోయేది. పడవ అమ్మేసి రేవు దగ్గర బొగ్గు యార్డులో చేరాక, దుమ్ము కాలరు కుట్లలోకీ జేబుల మూలల్లోకీ దూరుతోంది. ఎంత రుద్దినా వదలదు.

జీతం డబ్బులతో అతను వాషింగ్ మిషన్ కొన్నాడు. డ్యూటీ డ్రెస్సు మాత్రం అందులో వెయ్యనివ్వలేదు. "బొగ్గు దుమ్ముకి మిషన్ పాడైపోద్ది. అదొక్కటీ చేత్తో ఉతుకు." దగ్గు పట్టుకుందని చెబితే నవ్వాడు. "బొగ్గులో ఉండేది నేనూ, దగ్గేది నువ్వా? మేం దింపే బొగ్గు లేకపోతే నీ ఫ్యానెట్టా తిరుగుద్ది?" అతనికి యార్డులో మాస్కు ఇస్తారు, ఏటా ఎక్స్‌రే తీస్తారు. ఆమె ఎవరి లెక్కలోకి వస్తుంది? తిరిగే ఫ్యాను కింద కూడా ఆమెకు ఊపిరాడటం లేదు. ఆ మాట ఎవరితో చెప్పుకోవాలో తెలియక కుళాయి దగ్గర కూర్చుని ఏడ్చేది.

బకెట్ ఎత్తలేక కూలబడిన రోజున ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ, "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగింది.

"ఏ పనీ లేదండీ, ఇంట్లోనే ఉంటది," అన్నాడు కాంతారావు.

వీరదుర్గ ఒళ్లో ఉన్న తన చేతులకేసి చూసుకుంది. గోళ్ల చివర్లు నల్లగా ఉన్నాయి.

"బొగ్గు పనండీ," అంది. "ఈయన యార్డులో చేరినప్పటి నుంచీ నేనూ చేస్తున్నాను."

సంగతంతా విని డాక్టరమ్మ ఎక్స్‌రేను మళ్లీ వెలుతురుకు పెట్టి చూసింది. "ఇంక ఆ దుమ్ము జోలికి వెళ్లొద్దమ్మా. పోయిన ఊపిరి ఎలాగూ తిరిగి రాదు, ఉన్నది కాపాడుకో," అంది.

ఇంటికొచ్చాక రాఘవమ్మ, "డాక్టర్లకేం, చెబుతారు. మూతికి కొంగు కట్టుకుని ఉతికెయ్," అంది. మర్నాడు సాయంత్రం కాంతారావు ఎప్పటిలాగే బట్టలు విప్పి కుళాయి దగ్గర పడేశాడు.

"నేను ముట్టుకోను," అంది వీరదుర్గ. ఆ గొంతు ఆమెకే కొత్తగా ఉంది.

అతను అరిచాడు, తిట్టాడు. తెల్లారి డ్యూటీకి వేరే డ్రెస్సు లేదు. చివరికి ఆ బట్టలు తీసుకుని పెరట్లోకి నడిచాడు. దులపబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, లోపలికి వచ్చి మాస్కు పెట్టుకుని వెళ్లాడు.