మంచి నడవడి కాగితం

కచ్చేరి వరండాలో కుప్పయ్య నిలబడి మూడు గంటలైంది. గోనెపట్టాలో చుట్టిన ఒంటి గొట్టం తుపాకిని కాళ్ల మధ్య నిలబెట్టి పట్టుకున్నాడు. మూడేళ్లకోసారి లైసెన్సు పొడిగించుకోవాలంటే తుపాకిని కూడా తెచ్చి చూపించాలి. పొద్దున పూతలపట్టులో బస్సెక్కితే, పొడుగ్గా ఉందని కండక్టరు దానికీ అర టిక్కెట్టు కొట్టాడు.

కొండవారనున్న మూడెకరాల్లో చెనక్కాయ గింజ పట్టింది. పీకడానికి ఇంకా ఇరవై రోజులుంది. అడవి పందులు మందగా దిగితే ఒక్క పూటలో చేను దున్నినట్టు చేసి పోతాయి. ఆ తుపాకితో కుప్పయ్య ఇంతవరకూ ఒక్క పందినీ చంపలేదు. మందు కూరి ఆకాశంలోకి ఒకటి పేలిస్తే చాలు, మంద కొండెక్కేది.

ఆలస్యమైనందుకు అతనికి దిగులు లేదు. ఈసారి తన దగ్గర గట్టి కాగితం ఉంది. భార్య దేవకమ్మ దాన్ని ఇన్నాళ్లూ దేవుడి పటం వెనక దాచి, పొద్దున కళ్లకద్దుకుని మరీ తీసిచ్చింది. మంచి నడవడి కాగితం.

అది వచ్చింది ఏడాదిన్నర కిందట. కాలవ దగ్గర పెద్దింటి వరదయ్య మనుషులు కుప్పయ్య గట్టు తెంచారు. అడ్డం పోతే తోశారు. అతను పార కర్రతో ఒకడి భుజం మీద కొట్టాడు. గట్టు తెంచినవాళ్లు సాక్షులయ్యారు, కుప్పయ్య ముద్దాయి అయ్యాడు. ఆరు వాయిదాలు తిరిగాడు. వాయిదాకో రోజు కూలి పోయింది. ఏడోసారి వరదయ్యే జాలిపడి తన వకీలును పంపాడు. కొట్టినానని ఒప్పేసుకుంటే జైలుండదు, జుల్మానా ఉండదు, మంచి నడవడి మీద వదిలేస్తారని ఆ వకీలు చెప్పాడు. జడ్జిగారు అడిగితే కుప్పయ్య ఒప్పుకున్నాడు. చూపించిన చోట వేలిముద్ర వేశాడు. ఏం రాశారో ఎవరూ చదివి చెప్పలేదు, అతనూ అడగలేదు. ఊళ్లో ఎవరికీ లేని కాగితం సర్కారు తనకిచ్చిందనే అనుకున్నాడు.

గుమాస్తా సుబ్రమణ్యం లోపలికి పిలిచాడు. దరఖాస్తు నింపుతూ, ఏమన్నా కేసులుండాయా అని అడిగాడు. కుప్పయ్య కాగితం తీసి, మడతలు సరిచేసి బల్ల మీద పెట్టాడు.

"సూడండి సామీ. నా నడవడి మంచిదని కోర్టే రాసిచ్చినాది."

సుబ్రమణ్యం చదివాడు. పక్క బల్ల ఆయనకు చూపించాడు. ఇద్దరూ నవ్వారు. కుప్పయ్య కూడా కొంచెం నవ్వాడు.

"నువ్వు మంచోడివని వాళ్లు రాసిచ్చింది కాదప్పా ఇది. రెండేండ్లు మంచిగా ఉంటానని నువ్వు రాసిచ్చింది. బాండు. బాండు కింద ఉండేవోడికి తుపాకి ఇయ్యకూడదు."

మూడు నెలలకోసారి తనను పిలిపించి నడవడి విచారించే ప్రొబేషన్ ఆఫీసరు మాట కుప్పయ్యకు గుర్తొచ్చింది. ఇట్లా వదిలినవాడికి శిక్షపడినవాడికుండే అడ్డంకులేవీ ఉండవని ఆయన చెప్పాడు. కుప్పయ్య ఆ మాటే గుమాస్తాకు చెప్పాడు.

"అది ఆయన చట్టం. ఇది తుపాకుల చట్టం," అన్నాడు సుబ్రమణ్యం.

రేపు సాయంత్రంలోగా తుపాకి స్టేషన్లో అప్పగించాలన్నాడు. ఆర్నెల్లకు బాండు తీరినాక మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. అప్పుడు పోలీసు రిపోర్టు కావాలి. ఆ రిపోర్టులో కొట్టిన కేసు ఉండనే ఉంటుంది.

అప్పుడే లోపలి గదిలోంచి వరదయ్య వచ్చాడు. ఆయన రెండు తుపాకులకూ లైసెన్సు ముద్రలు పడ్డాయి. అవి వరండాలో నిలబడలేదు, జీపులోనే ఉన్నాయి.

ఆయన కుప్పయ్య భుజం మీద చెయ్యేశాడు. స్టేషన్లో పడేస్తే తుప్పు పడుతుందని, తన పేరుకి రాసిస్తే చేనికి తన మనుషులే కాపలా ఉంటారని మెల్లగా చెప్పాడు. గట్టు తెంచిందీ ఆ మనుషులే.

సుబ్రమణ్యం సొరుగులోంచి కాగితం తీశాడు. అప్పటికే టైపు కొట్టి ఉంది. కుప్పయ్య పేరు, వాళ్ల నాయన పేరు, తుపాకి నంబరు ఏవని అడక్కుండానే పడున్నాయి. ఇంకు పెట్టె ముందుకు జరిగింది.

అలవాటు కొద్దీ కుప్పయ్య వేలు ఇంకులోకి పోయింది. కాగితం దాకా వచ్చి ఆగింది.

"సదవండి సామీ."

"ఏం సదివేది? ఇప్పుడే చెప్తి కదప్పా," అన్నాడు వరదయ్య.

"చెప్పింది ఇన్నా. రాసింది ఇనలేదు. ఆ పొద్దు గూడా చెప్పిందే ఇని యేలు పెట్టినా."

వరదయ్య చెయ్యి భుజం మీంచి దిగింది. "పందులు నీ సదువు అయిందాకా కాసుకోనుంటాయా, కుప్పయ్యా?"

పందులు ఆగవు. ఆ సంగతి ఈ గదిలో అందరికన్నా కుప్పయ్యకే ఎక్కువ తెలుసు. సుబ్రమణ్యం కాగితం చదవలేదు, గడియారం చూసి కలం మూత పెట్టాడు.

కుప్పయ్య కోర్టు కాగితం తీసుకున్నాడు. దాని వెనక వేలు తుడుచుకున్నాడు. మంచి నడవడి మీద నల్లగా సాగిన మరక పడింది. గోనెపట్టా బిగించుకుని బయటికొచ్చి, గడప దగ్గర బంట్రోతును అడిగాడు.

"టేసన్లో తుపాకి అప్పజెప్పితే రసీదిస్తారా అప్పా?"

"ఇస్తారు."

"దాన్ని సదివి చెప్పేవోళ్లు ఎవురన్నా ఉండారా ఆడ?"

బంట్రోతు లోపలున్న వరదయ్య వైపు చూశాడు.