వదిన గొంతు

కంటి ఆసుపత్రిలో రిసెప్షనిస్టు కావాలన్న ప్రకటన చూసి ఆమె ఫోన్ చేసింది. పుట్టినూళ్ళో ఏళ్ళ తరబడి చేసిన పనే. పెళ్ళయి ఈ ఊరొచ్చాక మాత్రం నోరు విప్పితే చాలు, యాస విని "మీదే ఊరు?" అంటారు. ఈసారి అదీ అడగలేదు. "వేరేవాళ్ళని తీసేసుకున్నామమ్మా" అని పెట్టేశారు.

పక్కనే బట్టలు మడతపెడుతున్న వదినకు అనుమానం వచ్చింది. భర్తకు అక్క ఆవిడ, పుట్టి పెరిగింది ఇక్కడే. తన ఫోన్‌తో అదే నంబరుకు చేసి రెండు ముక్కలు మాట్లాడిందో లేదో, "రేపు వచ్చెయ్యండి" అన్నారు.

"చూశావా! నా పేరు చెప్పలేదులే, నువ్వెళ్ళు. కాస్త నాలా మాట్లాడు."

ఆ సాయంత్రమంతా వదినలా పలికి పలికి ఆమె దవడలు నొప్పెట్టాయి.

మర్నాడు మేనేజరు ఆమె మాటలు వింటూ కనుబొమలు ముడిచాడు.

"నిన్న ఫోన్‌లో మాట్లాడింది మీరేనా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. "మా వదినండీ. అంతకుముందు చేసింది నేను. నాకేమో లేదన్నారు."

ఆయన కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. "పని మీకు వచ్చు, కాదనను. కానీ పేషెంట్లకు అర్థం కావాలి కదా?"

"ఇందాకట్నుంచీ నేను చెప్పినదాంట్లో మీకేది అర్థం కాలేదండీ?"

"నాకన్నీ అర్థమయ్యాయి."

"మరి?"

ఆయన నవ్వేశాడు. "పోనీ, మీ వదినగారు ఖాళీయేనా? పని మేం నేర్పిస్తాం."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. లేచి వచ్చేసింది. 'చూపించుకోవాల్సింది మీ చెవులు' అనాలని మెట్లు దిగాక తట్టింది.

బయట స్కూటరు మీద ఉన్న వదిన అంతా విని, "వాడి మొహం! నాకేం తెలుసు ఆ పని?" అని ఎగిరింది. సగం దారిలో, వెనక్కి తిరక్కుండా అడిగింది: "ఎప్పట్నుంచి రమ్మన్నాడు?"



వారం తిరక్కుండా వదిన ఆ కుర్చీలో చేరింది. "ఇంట్లో ఎవరో ఒకరు సంపాదించాలిగా, ఏమనుకోకే" అంది. ఇప్పుడు రోజుకోసారైనా గుసగుసగా ఫోన్ చేస్తుంది: "అమ్మాయ్, చుక్కల మందు వేశాక ఎంతసేపు కూర్చోబెట్టాలి?"

ఆమె చెబుతుంది. అవతల వదిన అదే మాటను పేషెంటుకు దర్జాగా అప్పజెప్పడం వినిపిస్తుంది.