మాత్ర మానేసిన మామగారు

ఇంట్లో అందరూ ఆమెను డాక్టరమ్మ అంటారు. నిజానికి జలుబుకు మందు రాసిచ్చే అర్హత కూడా ఆమెకు లేదు. ఏళ్ల తరబడి ల్యాబులో ఎలుకల రక్తపోటు మీద పరిశోధన చేసి తెచ్చుకున్న డాక్టరేటు అది. అయినా బంధువులు కనబడితే చాలు, నాలుక చాపి చూపిస్తారు.

అలాంటి మనిషి ల్యాబు మానేసి, పత్రికలో ఆరోగ్యం పేజీ రాస్తానని బయల్దేరింది. ఆమెతో పరిశోధన చేయించిన గైడుగారు తల పట్టుకున్నారు. "చదివిందంతా బూడిదలో పోసిన పన్నీరు చేస్తావా? సోమవారం దాకా నీ చోటు ఎవరికీ ఇవ్వను. బుద్ధొస్తే వచ్చెయ్." ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

అటు పత్రిక ఎడిటరమ్మ, రక్తపోటు మీద రాసిన మొదటి వ్యాసాన్నే రెండుసార్లు తిప్పి పంపింది. "వాక్యానికో 'కావచ్చు', పేరాకో 'అవకాశం లేకపోలేదు'! అసలు సంగతేమో చిట్టచివర. ఈసారీ ఇంతే అయితే మనకు కుదరదండీ."

ల్యాబులో అలాగే రాయాలి మరి. ఒక్క మాట ఖాయంగా అంటే పదిమంది మీద పడతారు. ఆ జాగ్రత్త ఆమెకు ఒంట్లో జీర్ణించుకుపోయింది.

మూడోసారి రాసినదాన్ని మామగారికి చదివి వినిపించింది. రెండో పేరా దాటకముందే పడక్కుర్చీలోంచి గురక వినిపించింది. ఆమె ప్రాణం ఉసూరుమంది.

"మామయ్యగారూ, బీపీ మాత్రన్నా వేసుకున్నారా?" అని తట్టి లేపింది.

"అబ్బే, మానేశానమ్మా. ఒంట్లో బాగానే ఉందిగా!"

డాక్టరమ్మకు చిర్రెత్తుకొచ్చింది. "బాగున్నది ఆ మాత్ర వల్లేనండీ! మానేస్తే బీపీ మళ్లీ పెరుగుతుంది. అది మీకు చెప్పి రాదు. డాక్టరుగారు ఆపమనేదాకా ఆపకూడదు!"

మామగారి నిద్రమత్తు ఎగిరిపోయింది. "ఓరి నాయనో! ఇంత ముఖ్యమైన ముక్క నువ్వు చదివినదాంట్లో లేదేమమ్మా?"

"ఉందండీ... ఆఖరి పేరాలో."

"అందాకా నేను బతికుండాలిగా!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆయన మాత్ర మింగారు. ఆమె తాను అరిచిన అరుపులన్నీ పొల్లుపోకుండా మొదటి పేరాలో పెట్టింది. ఒక్కో మాటనూ పరిశోధనా పత్రాలతో సరిచూసుకుంది; ఆ అలవాటు మాత్రం వదల్లేదు. ఎడిటరమ్మ ఒక్క అక్షరం కొట్టేయకుండా ఆదివారం అచ్చేసి, ఉద్యోగంలో చేరమంది.

సోమవారం పొద్దున్నే గైడుగారి ఫోను. రక్తపోటు మీద జీవితమంతా ధారపోసిన మనిషి, ఏమంటారోనని భయపడుతూనే ఎత్తింది.

"నీ వ్యాసం చదివానమ్మా," అని ఆయన గొంతు తగ్గించారు. "ఒంట్లో బాగానే ఉంది కదా అని నేనూ బీపీ మాత్ర మానేశాను. ఇప్పుడే వేసుకున్నాను. ఎవరితోనూ అనకేం."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"నీ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తున్నాను," అన్నారాయన. "నువ్విక ఇటు రాకు తల్లీ, అక్కడే రాయి."