ఉమ్మడి డబ్బా

“మీ వదినగారి పాలకూరలో పురుగు... దొరికిందండీ!” ఫోన్లో అరిచాడు సంఘం గుమాస్తా. మోటారు మోతలో అధ్యక్షుడికి మధ్య ముక్క ఎగిరిపోయింది.

“దొరకనీవయ్యా! మనం మందు కొట్టలేదని పురుగే వచ్చి సాక్ష్యం చెప్పిందన్నమాట. దానికో కుర్చీ వెయ్యి!”

“పురుగు కాదండీ బాబూ, పురుగుమందు! పరీక్షలో తేలింది. సాయంత్రం మీటింగు.”

అధ్యక్షుడు మోటారు కట్టేశాడు. దాంతోపాటే నవ్వూ ఆగింది.

మందుల్లేని కూరలు పండిద్దామని పన్నెండు కుటుంబాలను కూడగట్టింది ఆయనే. చుట్టూ అన్నీ మందు కొట్టే పొలాలే. పరీక్ష చేసే చోటు ఎక్కడో దూరాన. వేపాకు కషాయం చల్లడానికి పన్నెండిళ్ళకూ కలిపి ఒక్కటే డబ్బా, వంతులవారీగా. ఇన్ని చిక్కుల్లోనూ ఆసుపత్రి వంటశాలవాళ్ళు ఏడాది పొడవునా కూరలు కొంటామన్నారు. ఆకులో మందు కనబడితే మాత్రం ఆ మనిషి సంఘంలోంచి బయటికి. ఆ షరతు రాసిందీ ఆయనే.

పదిహేను రోజుల క్రితం ఆయన వంగతోటకు పేనుబంక పట్టింది. మూడుసార్లు కషాయం కొట్టినా అది తాగి బలిసింది. నాలుగోసారి పక్క పొలం రైతుని ఒక్క మూతెడు మందు అడిగి తెచ్చి, అందరూ అన్నాలకు వెళ్ళిన వేళ కొట్టేశాడు. సొంత డబ్బా కొట్టుకోవడం ఆయనకు అలవాటే. ఉమ్మడి డబ్బాతో ఇలాంటిది కొట్టడం మాత్రం అదే మొదలు. ఒకసారి నీళ్ళు పోసి గలగలలాడించి పారబోశాడు. మర్నాడు వంతు వదినది.

సాయంత్రం సంఘం రేకుల షెడ్డులో, కాటా పక్కన, బోర్లించిన బుట్ట మీద కూర్చుంది వదిన. అన్న పోయాక ఆ రెండు మడులే ఆమెకు ఆధారం.

“నేను మందు సీసా మొహం చూసి మూడేళ్ళయింది,” అంది.

“మరి ఆకాశంలోంచి ఊడిపడిందా?” అన్నాడు సభ్యుల్లో ఒకడైన కోళ్ళఫారం ఆయన.

“పక్క పొలం గాలికేమో,” గొణిగాడు గుమాస్తా.

అధ్యక్షుడి ప్రాణం లేచొచ్చింది. గాలి మీదకు తోసేస్తే గాలి కాదనదు.

“ఊహలెందుకు? మరిదిని అడగండి,” అంది వదిన. “నేను డబ్బా కూడా మూడుసార్లు కడిగి అప్పగించే మనిషిని. తప్పు వదినదే అని ఆయన నోటితో అనమనండి, ఇప్పుడే సంఘం వదిలి వెళ్ళిపోతా.”

అధ్యక్షుడు లేచాడు. ఏదో చమత్కారం పడుతుందని ఇద్దరు ముందే పళ్ళికిలించారు. ఆయన మూలనున్న డబ్బా తెచ్చి అందరి మధ్యా పెట్టాడు. తల మాత్రం ఎత్తలేకపోయాడు.

“మందు కొట్టింది నేను. నా వంకాయలకి. ఈ డబ్బాతోనే. అడుగున మిగిలింది మర్నాడు వదిన కషాయంలో కలిసింది. షరతు ప్రకారం పోవాల్సింది నేను, ఆవిడ కాదు.”

వదిన డబ్బా మూత తీసి లోపలికి చూసింది.

“ఒక్కసారే కడిగావా, మరిదీ?”

“ఒక్కసారే, వదినా.”