వాపసు వచ్చిన శాక్సోఫోన్

పాలిష్‌ని మోసం చేసే మొనగాడు ఇంకా పుట్టలేదు. ఈ మాట అన్నది ఇంకెవరో కాదు, పాలిషే. అదీ అన్నయ్య ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర, వదిన వడ్డిస్తుండగా, ఆవిడ తమ్ముడి ముఖం మీదే అన్నాడు. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే చాలు, కొట్టులో ఒక్కడే ఉన్నా సరే, తల దించుకుంటున్నాడు.

అతనికి ఆ పేరు ఊరికే రాలేదు. ఊదే వాద్యాలు బాగుచేసే కొట్టు అతనిది. సొట్టలు తీస్తాడు, మీటల కింద మెత్తలు మారుస్తాడు, అన్నీ అయ్యాక ఇత్తడిని రుద్ది రుద్ది మెరిపిస్తాడు. ఎక్కడైనా చిన్న గీత కనబడిందా, ఇక అన్నం సహించదు. బాగుచేయించుకోవడానికి ఇచ్చినవాళ్లు వచ్చి తమ వాద్యాన్ని తామే గుర్తుపట్టలేక "ఇది నాదేనా?" అని అడిగితే, ఆ పూట అతన్ని పట్టలేం.

అన్నయ్యేమో వాయించే మనిషి. హోటళ్లలో, పెళ్లిళ్లలో, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గర, జుట్టు నెరిసేదాకా ఒకే శాక్సోఫోన్ వాయించాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి, ఇక ఊదితే ప్రాణానికే ముప్పు అని డాక్టరు ముఖం మీదే చెప్పేశాడు. వింటాడా? వదిన స్నానానికి వెళ్లడమే ఆలస్యం, పెట్టె తెరిచేవాడు. ఆవిడ తడి జుట్టుతో పరిగెత్తుకొచ్చేసరికి పెదాలు నీలం తిరిగి కుర్చీలో ఒరిగిపోయి ఉండేవాడు. రెండోసారి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఆవిడ పాలిష్‌తో తేల్చి చెప్పేసింది.

"ఆ బూర ఇంట్లో ఉంటే నాకు ఈ మనిషి దక్కడు. అమ్మేయ్ బాబూ. వచ్చినదాంతో కీబోర్డు కొందాం. ఊపిరి పోతే పోయింది, వేళ్లున్నాయిగా ఈయనకి."

అన్నయ్య అలిగాడు. అన్నం దగ్గర అలిగాడు, మందుల దగ్గర అలిగాడు. చివరికి ఆ వేళ్ల మాట ఆయనకి ఎక్కడో తగిలినట్టుంది, తనంతట తనే దిగొచ్చాడు.

"సరే. కానీ వాయించేవాడికే అమ్మాలిరా. అద్దాల బీరువాలో పెట్టుకునేవాడికి ఇవ్వకు," అన్నాడు పాలిష్‌తో.

ఆ రోజు భోజనానికి వదిన తమ్ముడు కూడా ఉన్నాడు. పాత ఫోన్లు కొని అమ్మే దుకాణం అతనిది. అమ్మే ప్రతి ఫోన్‌నీ పెట్టెలో పెడుతూ వీడియో తీస్తాడు, వాపసు వచ్చిన ప్రతి పెట్టెనీ విప్పుతూ వీడియో తీస్తాడు. అందుకని అతని పేరు కూడా వీడియో అయిపోయింది. ఆ పేరు పెట్టిన పుణ్యాత్ముడు పాలిషే.

"బావా, ఆన్‌లైన్‌లో అమ్మేటప్పుడు ముందు సీరియల్ నంబరు దగ్గరగా ఫోటో తియ్యి. గీతలూ సొట్టలూ ఉంటే వాటినీ తియ్యి, దాచకు. ప్యాక్ చేసేది మొత్తం వీడియో ఉండాలి. ఖర్మ కాలి వాపసు వచ్చిందనుకో, డెలివరీ అతన్ని నిలబెట్టి, వీడియో తీస్తూనే విప్పు," అన్నాడు వీడియో.

"నిద్రపోయే ముందు కూడా తీసుకుంటావా బావా వీడియో? లేకపోతే పొద్దున్న లేచింది నువ్వో ఇంకొకడో ఎలా తెలుస్తుంది నీకు?" అన్నాడు పాలిష్.

అన్నయ్య నవ్వలేక నవ్వి దగ్గాడు. వదిన గరిటె పట్టుకునే నవ్వింది. వీడియో కూడా నవ్వాడు పాపం.

"నవ్వు బావా, నవ్వు. అమ్మేవాళ్లలోనే కాదు, కొనేవాళ్లలోనూ దొంగలుంటారు," అన్నాడు.

అప్పుడన్నాడు పాలిష్ ఆ మొనగాడి మాట.

శాక్సోఫోన్ కొట్టుకి తెచ్చుకున్నాక ఇక అతన్ని ఆపేవాళ్లెవరు? మెత్తలన్నీ మార్చాడు, స్ప్రింగులన్నీ సరిచేశాడు. ఏ వేదిక మీదో తగిలిన గీతని మాయం చేశాడు. అన్నయ్య బొటనవేలు ఏళ్లకేళ్లు ఆని అరిగిన చోటుకి కొత్త పూత వేశాడు. అడుగున ఒక సొట్ట ఉండేది. చిన్నప్పుడు పాలిషే ఆ బూరని ఎత్తబోయి మెట్ల మీద పడేశాడు. నాన్న బెల్టు తియ్యబోతే అన్నయ్య అడ్డం వచ్చి, "పోనీలే నాన్నా, వాడి గుర్తుగా ఉంటుంది," అన్నాడు. ఆ సొట్టని కూడా లోపలినుంచి నొక్కి, కొట్టి, నున్నగా చేసేశాడు. సీరియల్ నంబరు చూస్తే ఎప్పటిదో తెలిసిపోతుంది కదా అని దాని మీద కూడా రెండు పట్లు ఎక్కువ రుద్దాడు. అంకెలు అలికినట్టయ్యాయి. వయసు దాచి అమ్మడం తప్పని అతనికి తెలియక కాదు. మెరుగు పెట్టేవాడి చాకచక్యం అనుకున్నాడంతే.

అమ్మే ముందు అన్నయ్యకి చూపించాడు. అన్నయ్య అటూ ఇటూ తిప్పి, "ఇది నాదేనట్రా?" అన్నాడు. పాలిష్ ఉబ్బిపోయాడు. ఊదకుండా ఊరికే వేళ్లు ఆడించి చూసుకున్నాడు అన్నయ్య. వేళ్లు మీటల మీద పరుగులు తీశాయి. "వెన్నలా కదులుతున్నాయిరా! నీ చేతిలో ఏదో ఉంది," అన్నాడు.

పాత సామాన్లు అమ్మే సైట్లో పెట్టగానే ఒకాయన అడిగాడు. పిల్లలకి సంగీతం నేర్పే మాస్టారినన్నాడు. మాటకి ముందు "అన్నా", మాటకి వెనక "అన్నా". ఫోటోలు చూసి, "మీ చేతిపని చూస్తుంటే కడుపు నిండిపోయిందన్నా," అన్నాడు. ఇంకేం కావాలి మనవాడికి! కరిగి నీరైపోయాడు. వీడియో లేదు, నంబరు ఫోటో లేదు, పాత దుప్పటిలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి పంపేశాడు. కొన్నాయన కట్టిన డబ్బు సైటు వాళ్ల దగ్గర ఉంది. సరుకు బాగుందని ఆయన చెబితే పాలిష్‌కి ఇస్తారు. అది పద్ధతి.

ఆయన బాగుందని చెప్పలేదు. మీటల కింద గాలి పోతోంది, వాపసు పంపిస్తున్నాను అని ఫిర్యాదు పెట్టాడు. నా మెత్తల కిందనుంచి గాలా అని పాలిష్‌కి ఒళ్లు మండిపోయింది. పెట్టె రాగానే సంతకం గీకేసి డెలివరీ అతన్ని పంపించేసి, ఆ గాలేదో చూద్దామని కత్తి పెట్టి పరపరా కోసేశాడు.

చేతిలోకి తీసుకున్నాడు. తేలిగ్గా ఉంది. తిప్పి చూశాడు. అదే కంపెనీ పేరు చెక్కిన నకిలీ సరుకు అది. పూత దళసరిగా, స్ప్రింగులు మొద్దుగా, అతుకుల దగ్గర సీసం కారి ఉంది. పైకి మాత్రం ధగధగలాడుతోంది. అన్నయ్యదీ అలాగే ధగధగలాడింది కదా. సైట్లో పెట్టిన ఫోటోల పక్కన దీన్ని పెట్టి చూస్తే రెండింటికీ తేడా ఏమిటో ఎవరూ చెప్పలేరు. తేడా చెప్పగలిగినవన్నీ తనే స్వయంగా రుద్ది పారేశాడు.

సైటు వాళ్లకి ఫోన్ చేసి మొత్తుకున్నాడు. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది.

"మీరు పంపింది ఇది కాదని చూపించే ఆధారం ఏదైనా ఉందా సార్? నంబరు ఫోటో గానీ, ప్యాక్ చేసిన వీడియో గానీ?"

"నా చేత్తో చేశానమ్మా దాన్ని! నాకు తెలీదా?"

"అర్థమైంది సార్. వాపసు వచ్చిన పెట్టె విప్పిన వీడియో ఉందా?"

పాలిష్ ఫోన్ పెట్టేశాడు. డబ్బు మాస్టారికే వాపసు వెళ్లిపోయింది. ఆయన ఫోన్ ఆ తర్వాత మోగలేదు.

వీడియో దగ్గరికి వెళ్లాలనుకున్నాడు. ఏదో దారి అతనికే తెలుస్తుంది. వెళ్లాడు కూడా. దుకాణం ముందు కాసేపు తచ్చాడి లోపలికి అడుగు పెట్టాడు.

"రా బావా రా! అమ్ముడైందా?" అన్నాడు వీడియో నోరారా.

ఆ ముఖంలో ఎగతాళి కనబడి ఉంటే బాగుండేది, చెప్పేసేవాడేమో. ఎగతాళి లేదు. పాలిష్ గోడకి వేలాడే కవర్ల వైపు తిరిగాడు. "ఫోన్‌కి కవరు కావాలి," అన్నాడు. ఉన్న కవరు మీద ఇంకో కవరు కొనుక్కుని, సిగ్గుతో చెవులు కాలిపోతుంటే బయటపడ్డాడు. ఇంత వయసొచ్చి ఏమిటయ్యా ఈ దొంగచూపులు, మోసం చేసినవాడు హాయిగా తిరుగుతుంటే మోసపోయినవాడు సందుల్లో నక్కడం ఏమిటి అని తనని తనే తిట్టుకున్నాడు. తిట్టుకుని మళ్లీ సందులోంచే వెళ్లాడు.

వదిన ఫోన్ చేసింది. "ఏమయ్యా, ఏమైంది?" అంది. నోటికొచ్చిన సగం నిజం చెప్పేశాడు. "కొన్నాయనకి నచ్చలేదట వదినా, వాపసు వచ్చింది. మళ్లీ పెడతాను," అన్నాడు. వెనకనుంచి అన్నయ్య గొంతు వినబడింది. "వచ్చేసిందా? ఒకసారి తీసుకురమ్మను! చూస్తాను!"

తీసుకెళ్లకుండా ఉండటానికి ఎన్ని సాకులు వెతికాడో. ఒక్కటీ నిలబడలేదు. చివరికి ఆ దొంగ సరుకుని అన్నయ్య పాత పెట్టెలోనే పెట్టి పట్టుకెళ్లాడు. కనిపెడితే అప్పుడు చూద్దాం, కనిపెట్టకపోతే ఎలాగో అప్పోసప్పో చేసి కీబోర్డు కొనిచ్చేద్దాం, ఎవరికీ తెలియకుండా పోతుంది అనుకున్నాడు. అలా అనుకున్నందుకు అప్పుడే సిగ్గేసింది. అయినా వెళ్లాడు.

అన్నయ్య కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చొక్కా మార్చుకుని, తల నున్నగా దువ్వుకున్నాడు. బూర కోసం ముస్తాబయ్యాడు మనిషి!

పెట్టె తెరవగానే రెండు చేతులూ చాచాడు. "రా తల్లీ, రా. నన్ను వదిలి ఉండలేకపోయావా?" అని ఒళ్లోకి తీసుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పాలిష్ అటు చూడలేక గోడ మీద గడియారం చూశాడు.

"ఊదారంటే ఊరుకోను," అంటూ వదిన నోటితో ఊదే ముక్క ఊడదీసి తన గుప్పిట్లో పెట్టేసుకుంది.

"ఊదనే. వేళ్లు ఆడించుకోనీ," అన్నాడు అన్నయ్య.

ఆడించాడు. మీటలు మొండికేశాయి. ఒకటి నొక్కితే లేవలేదు, ఇంకొకటి లేచేసరికి వేలు మూడోదాని మీద ఉంది. మళ్లీ మొదలుపెట్టాడు. చిటికెన వేలి దగ్గర తడబడ్డాడు. మళ్లీ. నవ్వు మెల్లమెల్లగా తగ్గి, పూర్తిగా పోయింది.

"పోయినసారి వెన్నలా కదిలాయి కదరా?"

"ఆఁ," అన్నాడు పాలిష్.

"ఆ తర్వాత నువ్వేం మార్చలేదుగా?"

"లేదు."

అన్నయ్య తన చేతుల్ని ముఖం ముందు పెట్టుకున్నాడు. మూశాడు, తెరిచాడు, మూశాడు.

"అయితే నావే పాడయ్యాయన్నమాట," అన్నాడు. "ఊపిరి ఒక్కటే పోయిందనుకున్నాను. ఇవీ పోయాయి." వదిన వైపు తిరిగాడు. "కీబోర్డు మాట మర్చిపోవే. దండగ. ఏ వేళ్లతో వాయించను?"

వదిన ముఖం అటు తిప్పుకుంది. గుప్పిట్లో ఆ ముక్కని గట్టిగా పట్టుకునే ఉంది.

పాలిష్ భయపడినవి వేరు. కొట్టు పరువు పోతుందనుకున్నాడు, వీడియో ముందు తల ఎత్తలేననుకున్నాడు, వదిన ఇక నమ్మదనుకున్నాడు. ఇన్ని అనుకున్నవాడికి అన్నయ్య తన వేళ్లనే తప్పుపట్టుకుంటాడని తోచలేదు. నకిలీ సరుకు అంటగట్టి ఆ మాస్టారు చేసిన ద్రోహం ఒక ఎత్తు, దాన్ని అన్నయ్య ఒళ్లో పెట్టి నోరు మూసుకుని నిలబడటం ఇంకొక ఎత్తు.

"వేళ్లు కాదన్నయ్యా," అన్నాడు. "నీ వేళ్లు బాగానే ఉన్నాయి. ఇది నీది కాదు."

"అదేంటయ్యా, వాపసు వచ్చిందన్నావు?" అంది వదిన.

"వచ్చింది వదినా. వేరేది వచ్చింది. మార్చేసి పంపాడు. నంబరు ఫోటో తియ్యలేదు, వీడియో తియ్యలేదు. నంబరు కూడా నేనే అరగదీశాను. బావ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు, నేనే పళ్లికిలించాను. ఆ కొన్నవాడు నన్ను నిలువునా ముంచాడు వదినా. నేను మీ కళ్లు కప్పుదామని ఇది పట్టుకొచ్చాను."

నాలుగు తిడితే బాగుండు, చెంప మీద ఒకటి ఇస్తే ఇంకా బాగుండు అని నిలబడ్డాడు పాలిష్. అన్నయ్య ఒళ్లోంచి ఆ బూరని తీసి కింద పెట్టాడు. కుడిచెయ్యి కుర్చీ చేతి మీద ఆనించి, తను ఎప్పుడూ వాయించే పాట ఒకటి వేళ్లతో మొదలుపెట్టాడు. మెల్లగా, తర్వాత వడిగా. చిటికెన వేలు ఎక్కడా తడబడలేదు.

"చూడవే," అన్నాడు వదినతో. "ఆడుతున్నాయి. చూడు."

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. పాలిష్‌ని కూర్చోమని మాత్రం అనలేదు.

అన్నయ్య తన వేళ్లవైపే చూస్తూ, "నువ్వు పడేసి చేసిన సొట్టుంది చూడు, అడుగున," అన్నాడు. "అదొక్కటి ఉంచి ఉంటే, పెట్టె తెరవగానే చెప్పేవాణ్ణిరా, ఇది నాది కాదని."

పాలిష్ ఆ నకిలీ శాక్సోఫోన్ పక్కనే నేల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. పైన కుర్చీ చేతి మీద అన్నయ్య వేళ్లు ఆడుతూనే ఉన్నాయి.