రెండు గుక్కలు

మా షెడ్డులో సూట్‌కేసంత రియాక్టర్లు తయారవుతాయి. మిథనాల్, నీళ్ళు కలిపి పోస్తే రియాక్టరు అందులోంచి హైడ్రోజన్ తీసి ఫ్యూయల్ సెల్‌కి పంపుతుంది, సెల్ కరెంటు పుట్టిస్తుంది. పరీక్షించడం నా పని, ట్యాంకులు నింపడం మా తమ్ముడి పని. ఒకరోజు సాయంత్రం చేతిపంపు మొరాయించిందని ఆ దొరగారు గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చాడు. రెండు గుక్కల మిథనాల్ కడుపులోకి పోయింది. నేను తిడతానని కిక్కురుమనలేదు.

మర్నాడు పొద్దున షెడ్డులోకి వస్తూనే నన్ను గుద్దుకున్నాడు.

"అక్కా, ఏంటి ఇంత మంచు పట్టింది?"

బయట ఎండ పేలిపోతోంది. నిజం కక్కేదాకా చెంపలు వాయించాను.

అంబులెన్సు రావడానికి రెండు గంటలు పడుతుందన్నారు. ఫోన్లో డాక్టరమ్మ, "విస్కీలాంటిది ఉంటే ఈలోపు తాగించండి. ఆ విషాన్ని కాస్త ఆపుతుంది. లేకపోతే ముందు కళ్ళు పోతాయి, తర్వాత ప్రాణం" అంది.

వాడు తాగుడు మానేసి మూడేళ్ళు. గదిలో పెట్టి తాళం వేసి, కొట్టి, కాళ్ళు పట్టుకుని మాన్పించింది నేనే. మా షెడ్డు వెల్డరు తన పెట్టెలోంచి సీసా తీసేసరికి వాడు బల్ల కింద దూరాడు.

"చంపినా తాగను. మళ్ళీ మొదలైతే నావల్ల కాదక్కా. నీకు తెలుసుగా."

తెలుసు. తెలిసే జుట్టు పట్టి బయటికి ఈడ్చాను. వాడు తన్నిన తన్నుకు రియాక్టరు స్టాండు కూలింది. వెల్డరు కాళ్ళమీద కూర్చున్నాడు, నేను ఛాతీమీద. వాడు పళ్ళు బిగించాడు. స్పానరు దూర్చి తిప్పితే ముందుపన్ను విరిగింది. నెత్తుట్లోనే పోశాను. నా బొటనవేలు ఎముకదాకా కొరికాడు. ముక్కు మూసి మళ్ళీ పోశాను. ఏడుపు ఆగలేదు, చెయ్యీ ఆగలేదు. వాడిమీద అంత ప్రేమా అంత కసీ నాకెన్నడూ కలగలేదు.

నాలుగో గుటక తర్వాత పట్టుకోవాల్సిన పని లేకపోయింది. సీసా వాడే పట్టుకున్నాడు.

వారం ఆస్పత్రిలో ఉన్నాడు. కళ్ళు దక్కాయి. డాక్టరమ్మ నన్ను మెచ్చుకుంది.

ఇంటికొచ్చిన మర్నాడే షెడ్డుకి వచ్చాడు.

"వెల్డర్ దగ్గర ఇంకోటి ఉందటగా. ఇప్పించు."

"లేదురా" అని తలుపుకి అడ్డంగా నిలబడ్డాను.

"తాగించింది నువ్వేగా" అంటూ పిడికిలి బిగించి నా ముఖంమీద గుద్దాడు. తూలలేదు, తడుములాడలేదు, దెబ్బ సరిగ్గా ముక్కుమీద పడింది. చూపు పూర్తిగా వచ్చిందని నెత్తురోడుతూ నేలమీద పడి కూడా సంతోషించాను, సిగ్గులేనిదాన్ని.